వర్ని రోడ్డు మీద గడ్డి బస్తాలు

ఇంజను చల్లగా ఉండాలి. పండరి పెట్టిన షరతు అదొక్కటే.

"మనం పోయేసరికి బండి స్టార్ట్ చేసి ఉంచిండనుకో, ఇగ చూసుడు బంద్. చాయ్ తాగి వాపస్ వచ్చుడే," అన్నాడు ముందురోజు సాయంత్రం, బాన్సువాడ బస్టాండు వెనక ఉన్న తన మెకానిక్ షాపులో చేతులు తుడుచుకుంటూ. "వేడి మీదున్న బండి రోగం చెప్పదు వినోదూ. దగ్గు ఎవనికున్నదో పొద్దుగాల లేవంగనే తెలుస్తది."

వినోద్‌కుమార్ సెల్ టవర్ల దగ్గర పనిచేస్తాడు. బాన్సువాడ నుంచి వర్ని మీదుగా రుద్రూర్ దాకా ఉన్న టవర్లలో బ్యాటరీలు, జనరేటర్లు చూసుకోవడం అతని డ్యూటీ. ఇన్నాళ్ళూ తండ్రి మంగ్యా వాడి వదిలేసిన బండి మీదే తిరిగాడు. దానికి కిక్కు కొట్టి కొట్టి కుడి చెప్పు అరిగిపోయేది. ఇంటర్ చదివే రోజుల నుంచి అతని మనసు స్పోర్ట్స్ బైకు మీద ఉంది. ట్యాంకు మీదికి వంగి కూర్చునే బండి. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి, అమ్మకానికి పెట్టిన పాత బండ్లను ఫోన్లో చూస్తూ ఉండేవాడు. ఈ నీలం బండి నాలుగు రోజుల కింద కనబడింది. అమ్మేది అఖిలేశ్ అనే కుర్రాడు. బాన్సువాడ దాటగానే వర్ని రోడ్డు మీదే ఇల్లు. భూములున్న కుటుంబం. ధర ఫోన్లోనే కుదిరింది. ఇక చూసుకోవడమే మిగిలింది.

తల్లి దేవీబాయి కూడా ఒక షరతు పెట్టింది. బండి కొంటే చెల్లెలు సోనిని రోజూ డిగ్రీ కాలేజీ దగ్గర దింపాలి. వాళ్ళ తండాకు బస్సు రాదు. ఆటో నిండితే గాని కదలదు, అది నిండేసరికి మొదటి క్లాసు అయిపోతుంది. "వెనక కూర్చునేది పిల్ల. అది కూర్చుని చూసి మంచిగున్నదంటేనే కొను," అంది దేవీబాయి. అందుకని సోని కూడా బయల్దేరింది.

పొద్దున్నే ముగ్గురూ రెండు బండ్ల మీద వర్ని రోడ్డు పట్టారు. కోతలు నడుస్తున్నాయి. రోడ్డులో సగం వడ్లే. రైతులు తారు మీద వడ్లు పరిచి, బండ్లు వాటి మీదికి రాకుండా అంచు పొడుగునా రాళ్ళు పేర్చారు. మిగిలిన సగం రోడ్డులోనే అటు నుంచి వచ్చేవాళ్ళు, ఇటు నుంచి పోయేవాళ్ళు. ట్రాక్టరు ఎదురైతే ఎవరో ఒకరు ఆగాలి.

అఖిలేశ్ ఇంటి ముందు కూడా వడ్లు ఎండుతున్నాయి. అతని తల్లి మంజులత కాళ్ళతో చాళ్ళు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. అయితే ఆ వడ్ల అంచున రాళ్ళు లేవు. ఎరువుల సంచుల్లో గడ్డి కుక్కి, మూతులు కుట్టి, వరసగా పెట్టారు.

పండరి బండి దిగుతూనే చూశాడు. "ఏందమ్మా, అందరి వడ్లు రాళ్ళ నడుమ ఉంటె, మీ వడ్లు దిండ్లేసుకుని పండుకున్నయి?"

సోని నవ్వింది. మంజులత నవ్వలేదు.

"రాళ్ళెందుకు బిడ్డా, ఎవలకన్న తాకితే," అంది. ఇంట్లోకి తిరిగి, "అఖిలూ, నీ బండి చూడనీకొచ్చిండ్రు రా," అని కేకేసింది.

అఖిలేశ్ లుంగీ మీదే వచ్చాడు. వీళ్ళు చెప్పిన టైము కంటే ముందే వచ్చారని అతని ముఖంలో తెలిసింది. వరండా పక్క రేకుల షెడ్డులోకి తీసుకుపోయి, బండి మీద కప్పిన పట్టా లాగాడు.

వినోద్ నోరు తెరుచుకుంది. ఫోటోలో చూసినదానికంటే బండి బాగుంది. ఒక గీత లేదు. నీలం రంగు మీద రేకుల సందులోంచి ఎండ పడుతోంది.

"భియా, నోరు ముయ్యి. ఈగలు పోతాయి. నీ ముఖం చూస్తే వాడు ధర పెంచుతాడు," అంది సోని తమ భాషలో. ఇంట్లో మాట్లాడే ఆ భాష అఖిలేశ్‌కు తెలియదు. వినోద్ నోరు మూశాడు.

పండరి అరచెయ్యి ఇంజను మీద ఆనించాడు. కాసేపు అట్లాగే ఉంచాడు. "సల్లగున్నది. కొట్టు."

అఖిలేశ్ బటన్ నొక్కాడు. ఒక్కసారికే అందుకుంది. పండరి సైలెన్సర్ దగ్గర తెల్ల గుడ్డ పట్టి, తీసి చూశాడు. మరక లేదు. పొడుగు స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కొనను రెండు మూడు చోట్లకు జరిపి విన్నాడు.

"ఏమంటున్నది పండరన్నా?" అంది సోని.

"మీ అన్న మీద మనసైందంటున్నది."

"అది మా అన్నకున్నది. బండికేమున్నదో చెప్పు."

"ఇంజను మంచిగున్నది. పైసా పని లేదు."

వినోద్ ఊపిరి వదిలాడు. పండరి లేవలేదు. ఆయనకు ఇంజను పనిలో సగమే. చైను వెనక పళ్ళ మీద నుంచి లాగి చూశాడు. బ్రేకు పలక మీద గోరు నడిపాడు. ముందు ఫోర్కులను వినోద్‌తో నొక్కించి, గొట్టాల మీద నూనె చార ఉందేమోనని వేలితో తుడిచి చూశాడు. తరువాత టైర్ల దగ్గర కూర్చున్నాడు.

"ముందు టైరు కొత్తది, వెనకది పాతది. ఎక్కడన్న వెనకదే ముందు అరుగుతది. గిదేంది అఖిలేశ్, నీ బండి ఉల్టా నడుస్తదా?"

"పంక్చర్లు ఎక్కువైనయన్నా. మార్పించిన."

"ముందటి ప్లాస్టిక్ కూడ కొత్తదే ఉన్నది."

"స్టాండు మీదికెళ్ళి పడ్డది, గీ వాకిట్లనే. పగిలితే ఏపిచ్చిన."

"క్లచ్ లివర్ కూడ?"

"అదే అన్నా, అప్పుడే."

పండరి తల ఊపాడు. నిలబెట్టిన బండి పక్కకు పడితే ప్లాస్టిక్ పగలడం, లివర్ విరగడం షాపులో ఆయన రోజూ చూసేదే. హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పాడు. ఎక్కడా పట్టలేదు. ఆర్సీ కార్డు అడిగి తీసుకుని, హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర కొట్టిన నంబరు చదవడానికి వంగాడు.

అక్కడ ఒక గుడ్డ కట్టి ఉంది. పసుపులో ముంచిన గుడ్డ. ఎండకు, దుమ్ముకు రంగు వెలిసింది. మెడ చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి ముడేశారు. నంబరు దాని పైన కనిపిస్తూనే ఉంది.

"గిదేంది?" అన్నాడు పండరి.

"దిష్టికి. అమ్మ కట్టింది," అన్నాడు అఖిలేశ్.

పండరి చెయ్యి గుడ్డ దాకా పోయి ఆగింది. వేళ్ళకు ఇంజనాయిల్ ఉంది. గుడ్డను తాకకుండా నంబరు చదివి, కార్డుతో సరిచూసి, "దేవునిది, మనమెందుకు ముట్టాలె," అని ముంజేతిని కళ్ళకద్దుకుని లేచాడు.

ఆ తరువాత సంచిలోంచి సుతిలి తాడు తీశాడు. ఒక కొస వినోద్‌కిచ్చి వెనక టైరుకు ఆనించి పట్టుకోమన్నాడు. తాను ముందు టైరు దాకా లాగి, అటొకసారి ఇటొకసారి చూశాడు. ఒక పక్క సందు ఎక్కువ, ఒక పక్క తక్కువ. మళ్ళీ పట్టి చూశాడు.

"జర తేడా ఉన్నది. చైను బిగించేటప్పుడు వెనక చక్రం సమంగ పెట్టకపోతే గిట్లనే ఉంటది. షాపుకు తెస్తే సెట్ చేస్త," అన్నాడు. కాస్త ఆగి, "అందుకేనా కాదా అన్నది రోడ్డు మీద తెలుస్తది. డెబ్బై దాటించి, చేతులు జర వదులు చేస్తే, వంక ఉన్న బండి ఒక పక్కకు గుంజుతది," అన్నాడు.

పండరి నడిపాడు. వెనక వినోద్ కూర్చున్నాడు. వర్ని వైపు పోయారు. ఒక పక్క వడ్లు, రాళ్ళు, వడ్లు కాసుకునేవాళ్ళ మంచాలు. రోడ్డు ఖాళీ దొరికిందనుకునేసరికి మళ్ళీ వడ్లు వచ్చేవి. నలభై దాటించడానికి వీలు కాలేదు. ఒకచోట దాటించబోతే వడ్ల దగ్గర కూర్చున్న ముసలామె పార ఎత్తింది. "మెల్లగ పోరాదుర, మీ నెత్తి మన్ను వడ!" అని అరిచింది. పండరి చెయ్యెత్తి దండం పెట్టి బండి తిప్పాడు.

"నలభైలయితే మంచిగనే ఉన్నది," అన్నాడు వాపస్ వచ్చి దిగుతూ. "డెబ్బైల చూడకపోతిమి. కోతలైనంక ఇంకోసారి చూస్తవా?"

"కోతలైనంకనా?" అఖిలేశ్ ఫోన్ చూసుకున్నాడు. "డోంగ్లి ఊరికెళ్ళి ఒకాయన మధ్యాహ్నం వస్తనన్నడు. మీ ఇష్టం అన్నా. నేనైతే ఆపను."

పండరి వినోద్ వైపు చూశాడు. "నా చెయ్యికి దొరికిందంత చూసిన. ఇంజను బంగారం. ఇగ నీ ఇష్టం."

"సోనీ, ఎక్కి చూడు," అన్నాడు వినోద్.

అతను ముందు కూర్చుని ట్యాంకు మీదికి వంగాడు. ఫోన్లో చూసి చూసి, ఆ వంగడం ఎట్లాగో అతనికి ముందే తెలుసు. మోకాళ్ళు ట్యాంకు అంచుల్లో సరిగ్గా ఇమిడాయి. సోని ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి, అన్న భుజం పట్టుకుని వెనక సీటు ఎక్కింది. ఆ సీటు ముందుదానికంటే జానెడు ఎత్తు. పట్టుకోవడానికి వెనక ఏమీ లేదు. ఆమె రెండు చేతులూ అతని భుజాల మీద వేసింది. బరువంతా అతని మీద పడింది.

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

అతను హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎడమ చేతి వేళ్ళు హ్యాండిల్ కిందికి జారి గుడ్డకు తగిలాయి. గుడ్డ ముడిలో ఏదో గట్టిగా ఉంది. బొటనవేలితో నొక్కాడు. గుండ్రంగా ఉంది. రూపాయి బిళ్ళ.

వేలు అక్కడే ఆగిపోయింది.

దిష్టికి రూపాయి కట్టరు. దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు, నల్లదారం. ఎండిపోతే తీసేసి కొత్తవి కడతారు. పసుపు గుడ్డలో రూపాయి పెట్టి కడితే అది మొక్కు. ముడుపు. అది అతనికి బాగా తెలుసు. డెంగీ జ్వరంతో అతను నిజామాబాద్ దవాఖానలో పడి ఉన్నప్పుడు దేవీబాయి అట్లాంటిదే ఒకటి అతని మంచం కోడుకు కట్టింది. ఆ మంచం ఇంట్లోనే ఉంది. అతనేమో దవాఖానలో ఉన్నాడు. దవాఖాన మంచానికి ఎందుకు కట్టలేదని తరువాత అడిగితే, "నువ్వు జబ్బు పడింది ఈ మంచం మీద. ఎక్కడ ఆపద వచ్చిందో అక్కడే కట్టాలి," అంది. అతను లేచి తిరిగాక తుల్జాపూర్ పోయి తుల్జాభవానికి ఆ రూపాయి చెల్లించి వచ్చారు.

ఆపద ఎక్కడ వచ్చిందో అక్కడ కడతారు. ఈ తల్లి బండి మెడకు కట్టింది.

అతను తలెత్తి రోడ్డు వైపు చూశాడు. మంజులత వడ్లు తిరగేస్తూనే ఉంది. ఆ అంచున గడ్డి బస్తాలు. అంత పొడుగు రోడ్డు మీద రాళ్ళు పెట్టనిది ఆమె ఒక్కతే.

చెయ్యి తీసేసినా అడిగేవాళ్ళు లేరు. పండరి ఇంజను బంగారమన్నాడు. అది అబద్ధం కాదు. మధ్యాహ్నం డోంగ్లి మనిషి వస్తాడు. ఇప్పుడు నోరు విప్పితే బండి పోతుంది. మళ్ళీ ఇట్లాంటిది, ఈ ధరకు, ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. కోతలయ్యాక పండరి షాపులో మొత్తం విప్పి చూపించుకోవచ్చు. మెల్లగా నడపవచ్చు. ఇవన్నీ అనుకున్నాడు. అనుకుంటున్నంతసేపూ సోని చేతులు అతని భుజాల మీదే ఉన్నాయి.

"దిగు," అన్నాడు.

"ఏమైంది?"

"దిగవే."

సోని దిగింది. అతనూ దిగి, అఖిలేశ్ దగ్గరికి పోకుండా నేరుగా వడ్ల దగ్గరికి నడిచాడు. చెప్పులు విడిచి అంచున నిలబడ్డాడు.

"అమ్మా, బండికి కట్టిన ముడుపు చెల్లించిండ్రా?"

మంజులత కాళ్ళు ఆగాయి. "ఏ ముడుపు బిడ్డా?"

"మెడకు కట్టిండ్రు గద. రూపాయి ఉన్నది లోపట. చెల్లించకుంట అమ్మితే మీకు మంచిది కాదు, కొన్నోళ్ళకు మంచిది కాదు. అందుకని అడుగుతున్న."

"అమ్మా, నువ్వు గమ్మునుండు," అన్నాడు వెనక నుంచి వచ్చిన అఖిలేశ్. "అది దిష్టిది అన్నా. చెప్పిన గద."

మంజులత కొడుకు వైపు చూసింది. వడ్లలోంచి బయటికి వచ్చి, పాదాలకు అంటిన గింజలు దులుపుకుని, షెడ్డులోకి నడిచింది. వంగి గుడ్డను చూసింది. అప్పటికి ఆమెకు సంగతి గుర్తొచ్చినట్టుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది ఇంక ఇక్కడనే ఉన్నదా? అయ్యో, ఎట్ల మర్చిపోతిని! నాట్లయినంక తుల్జాపూర్ పోదామంటిమి. నాట్లయినయి. కోతలైనంక పోదామంటిమి. గిదేమో గిక్కడ..." కొడుకు వైపు తిరిగింది. "దిష్టి అంటవార దీన్ని? అమ్మవారి మొక్కును దిష్టి అంటవా?"

"అమ్మా..."

"నీకెట్ల తెలుస్తదిర, నువ్వు సోయి లేకుంట పడి ఉంటివి. గోస పడ్డది నేను." ఆమె పండరితో చెప్పింది, వినోద్‌తో చెప్పింది, ఎవరితో చెబుతున్నదీ చూసుకోకుండా చెప్పింది. "పోయినేడు గిదే కోతల కాలం. రుద్రూర్ అవతలకెళ్ళి వస్తుండు. చీకటి పడ్డది. ఎవలో వడ్ల కుప్పకు పట్టా కప్పి, సుట్టు రాళ్ళు పెట్టిండ్రు. కనబడలె. పోయి రాయికి కొట్టిండు. తలకాయ పలిగింది, కాలిరిగింది. డాక్టర్లు మా చేతుల లేదన్నరు. ఇంటికి తెచ్చిన బండికి కట్టిన. నా కొడుకు లేచి నడిస్తే నీ కాడికొస్తనమ్మా అన్న. నడిచిండు. నేనే పోకపోతిని."

మంజులత చేతులు కడుక్కుని వచ్చింది. గుడ్డ ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో కాసేపు తంటాలు పడి విప్పింది. ఒక్కో చుట్టూ తీసి, రూపాయితో సహా కొంగున కట్టుకుంది.

గుడ్డ తీసిన చోట నల్లరంగు మందంగా ఉంది. పండరి కూర్చుని గోరుతో గీకాడు. రంగు పెచ్చులా లేచింది. కింద వెల్డింగు కనిపించింది. మెడ చుట్టూ, వేలెడు లావున, చీమల బారులాగ అతుకు.

పండరి ఆ అతుకు మీద వేలు పెట్టి చుట్టూ నడిపాడు.

"చక్రం తేడా కాదిది," అన్నాడు చివరికి. "మెడ విరిగింది. అతికి రంగేసిండ్రు. ఒక్క గుంత గట్టిగ తగిలితే ముందు చక్రం దారి ముందు చక్రానిదే, మనిషి దారి మనిషిదే." లేచి చేతులు తుడుచుకున్నాడు. "తాడు పట్టినప్పుడే అనుమానపడాల్సింది. అంత చూసిన, గక్కడ చెయ్యి పెట్టకపోతిని. దేవునిదని."

అఖిలేశ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అతికేటప్పుడు గుడ్డ ఇప్పి, మళ్ళ గట్లనే కట్టిన. మెల్లగ నడిపితే ఏం కాదన్నడు, అతికినాయన. నేను రెండు నెలలు నడిపిన. ఏం కాలె."

"నువ్వు ఒక్కనివి నడిపినవ్," అంది సోని. "నేను వెనక కూర్చునేదాన్ని."

అతను ఆమె ముఖం చూడలేదు.

"ఇది అతికిందని నాకు తెల్వది," అంది మంజులత. "బాగుచేపిచ్చిన అన్నడు. నేను బాగైందనుకున్న." ఆమె చెయ్యి చాపింది. అఖిలేశ్ కాస్త తటపటాయించి తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పండరికి ఇచ్చింది. "బిడ్డా, నువ్వు తీస్కపో. ఇంజను మంచిగున్నదంటివి గద, ఇప్పి ఎవలకన్న అమ్ము. గీ మెడ మాత్రం మళ్ళ రోడ్డెక్కద్దు."

"అమ్మా, ఇప్పి అమ్మితే సగం కూడ రాదు," అన్నాడు అఖిలేశ్.

"రాకపోని. డోంగ్లి ఆయనకు ఫోన్ చేసి రావద్దని చెప్పు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

అఖిలేశ్ ఫోన్ తీసుకుని షెడ్డు బయటికి పోయాడు. అతను మాట్లాడటం వీళ్ళకు వినబడింది. "బండి లేదన్నా" అన్నాడు. ఎందుకు లేదో చెప్పలేదు.

మంజులత వాళ్ళను చాయ్ తాగనిదే కదలనివ్వలేదు. తాగుతున్నంతసేపూ తుల్జాపూర్‌కు బాన్సువాడ నుంచి నేరుగా బస్సు ఉందా, నాందేడ్‌లో మారాలా అని వినోద్‌ను అడిగింది. అతను తాము పోయి వచ్చిన దారి చెప్పాడు. పండరి సాయంత్రం ఆటో ట్రాలీ తెచ్చి బండి ఎక్కించుకుంటానన్నాడు.

వినోద్ పాత బండికి కిక్కు కొట్టాడు. అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. పండరి తన బండి మీద కూర్చుని చూస్తూ, "దీన్ని కూడ పొద్దుగాల తీస్కరా ఓసారి, దగ్గెందుకొస్తున్నదో చూస్త," అని బాన్సువాడ వైపు పోయాడు. ఇంకో రెండు కిక్కులకు బండి అందుకుంది. సోని వెనక కూర్చుని, అలవాటుగా క్యారియర్ కడ్డీ పట్టుకుంది.

గడ్డి బస్తాలు దాటారు. తరువాత రాళ్ళు మొదలయ్యాయి. వినోద్ వాటికి దూరంగా, మెల్లగా నడిపాడు.

"భియా, ఆ సీటు చాలా ఎత్తు," అంది సోని తమ భాషలో. "ఎక్కగానే భయమేసింది."

"మరి మంచిగున్నదన్నావెందుకు?"

"నువ్వు ముందు కూర్చుని అద్దంలో నవ్వుతున్నావు. కనబడింది."

ఎదురుగా వడ్ల ట్రాక్టరు వస్తోంది. వినోద్ బండిని పక్కకు తీసి, కాలు నేల మీద పెట్టి, అది పోయేదాకా ఆగాడు.

"ఇంటికి పోయాక అమ్మకు ఏం చెబుదాం?" అంది సోని.

"నువ్వు కూర్చుని చూసి వద్దన్నావని చెబుతా."

"అబద్ధం. నేను మంచిగున్నదన్నా."

"అదే చెప్పకు," అన్నాడు వినోద్. గేరు వేశాడు.